కొన్న ఫోనులో మన మాట చెల్లేదెంత

(తాండూరులో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

  స్మారకోపన్యాసం అంటే సాహిత్యమో చరిత్రో ఉంటుందనుకుంటాం. నేను ఫోను గురించి మాట్లాడబోతున్నాను. కారణం చెబుతాను. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ లెక్కల మాస్టారు చూపు మందగించాక పేపరు ఫోనులోనే చదువుకునేవారు. అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెరలో పట్టేది కాదు, చిన్నది చేస్తే ఒత్తులు అలుక్కుపోయేవి. కాస్త విడివిడిగా, ఒత్తు స్పష్టంగా కనిపించే వేరే ఫాంటు ఉంటే హాయిగా చదివేవారు. అలాంటి ఫాంట్లు తెలుగులో ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి. ఆ ఫోను మాత్రం వాటిని పెట్టుకోనివ్వలేదు.

ఇది చిన్న విషయమని నేననుకోను. నా ప్రసంగమంతా దీని చుట్టూనే ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

తెలుగుకు మంచి ఫాంట్లు లేని రోజులు పోయాయి. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ ఇచ్చింది. సిలికానాంధ్ర పూనికతో మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, సురవరం వంటివి వరసగా వచ్చాయి. వీటిలో మండలి, మల్లన్నలను వార్తాపత్రికల అవసరం దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. కంప్యూటర్లో అయితే ఫైలు తెచ్చి ఒక ఫోల్డరులో వేస్తే పని అయిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఆ ఫోల్డరు సిస్టం భాగంలో ఉంటుంది. దాన్ని చదవడమే తప్ప అందులో రాయడం యజమానికి కుదరదు. కొన్ని కంపెనీలు తమ థీమ్ స్టోరులో నాలుగు ఫాంట్లు చూపిస్తాయి. వాటిలో తెలుగు అక్షరాలు ఉన్నవి ఎన్నో వెతికితే మీకే తెలుస్తుంది. ఐఫోనులో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి ఫాంట్లు ఎక్కించుకోవచ్చు. అయితే అవి ఒప్పుకున్న యాప్‌ల లోపలే పనిచేస్తాయి. మెసేజీలు, మెనూలు పాత అక్షరాల్లోనే ఉంటాయి.

మన ఊళ్లలో తెలుగు ఒక్కటే లేదు. తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఉర్దూ చదివేవాళ్లకు నస్తాలీఖ్ రాత అలవాటు. అక్షరాలు పైనుంచి కిందికి ఏటవాలుగా దిగే ఆ రాతలోనే వాళ్లు బడిలో చదువు నేర్చుకున్నారు, ఆ రాతలోనే పత్రిక చదువుతారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఉర్దూను అరబ్బీ పద్ధతి నస్ఖ్‌లో చూపిస్తాయి. నస్తాలీఖ్ ఫాంటును గూగులే తయారు చేయించి ఉచితంగా ఇచ్చింది. కాని ఫోను మొత్తం ఆ రాతలో కనిపించేలా చేసుకునే వీలును ఫోను యజమానికి ఇవ్వలేదు. ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో ఉర్దూకు నస్తాలీఖ్ పెట్టింది. అంతవరకూ ఐఫోను వాడిన ఉర్దూ పాఠకులు కంపెనీ తలుచుకునేదాకా ఆగాల్సి వచ్చింది.

మనమూ ఆగినవాళ్లమే. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేవరకు ఆ వ్యవస్థలో తెలుగుకు సొంత ఏర్పాటు లేదు. చాలా ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు వరసగా కనిపించేవి. ఒపెరా మినీ బ్రౌజరులో ఒక మారుమూల సెట్టింగు ఉండేది. దాన్ని ఆన్ చేస్తే తెలుగు వాక్యాలు బొమ్మల రూపంలో వచ్చేవి. ఆ కిటుకు ఒకరి నుంచి ఒకరికి పాకింది. కొందరు కుర్రాళ్లు ధైర్యం చేసి ఫోను రూట్ చేసి, అంటే సిస్టం భాగంలో రాసే అధికారం తెచ్చుకుని, తెలుగు ఫాంటు లోపల పెట్టుకున్నారు. రూట్ చేయడం అంటే ఈ రోజు దొంగపనిలా వినిపిస్తుంది. ఆ రోజు వాళ్లు చేసింది తమ భాషను తమ ఫోనులో చదువుకోవడం.

2018 ఫిబ్రవరిలో జరిగింది మీలో చాలామందికి గుర్తుండాలి. తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో, అంటే జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం వరసగా వచ్చినప్పుడు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అది నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్లీ మళ్లీ ఆగిపోయేది. ప్రపంచమంతా తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని వార్తలు రాసింది. తప్పు అక్షరంలో లేదు. అక్షరాలను పేర్చి చూపించే ఆపిల్ కోడులో ఉంది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులకూ అదే గతి పట్టిందని ఇంజనీర్లు పరీక్షించి తేల్చారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిదిద్దింది. త్వరగానే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ కోడు మూసి ఉంది. తెలుగు అక్షరం ఎలా పేరుస్తారో పుట్టుకతో తెలిసిన మనిషి దాన్ని తెరిచి చూసి, తప్పు ఇక్కడుందని చెప్పే దారి లేదు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అక్షరాలు పేర్చడానికి వాడే హార్ఫ్‌బజ్ కోడు అందరికీ తెరిచి ఉంటుంది. అందులో తెలుగు తప్పు కనబడితే తాండూరులో కూర్చుని రాసి పంపవచ్చు. ఆ దిద్దుబాటు నిలబడితే కోట్ల ఫోన్లకు చేరుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కదా, లినక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కదా, మరి ఆ స్వేచ్ఛ మన చేతిదాకా ఎందుకు రాలేదు?

1991లో హెల్సింకిలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. మరుసటి ఏడు దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన ఆ లైసెన్సు సారం ఇది: ప్రోగ్రాము అందుకున్న ప్రతివాడికీ దాని మూల కోడు అందాలి, మార్చుకునే హక్కు ఉండాలి. కొన్నేళ్లకు టీవో అనే వీడియో రికార్డరు కంపెనీ కొత్త ఎత్తు వేసింది. లినక్స్ వాడింది, కోడు ఇచ్చింది, కాని మార్చిన కోడును ఆ పెట్టె నడపకుండా సంతకపు తాళం వేసింది. స్టాల్‌మన్ 2007లో తెచ్చిన జీపీఎల్ మూడో రూపం ఈ ఎత్తును అడ్డుకుంది. టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. లైసెన్సు సాఫ్ట్‌వేరుకే గాని యంత్రం ఎలా ఉండాలో చెప్పకూడదని ఆయన వాదన. లినక్స్ కెర్నెల్, అంటే దాని కీలక భాగం, జీపీఎల్ రెండో రూపం కిందే ఉండిపోయింది. ఆయన వాదనలో బలం ఉంది. కంపెనీలు లినక్స్‌ను భయపడకుండా వాడటానికి, వేల మంది ఇంజనీర్లు అందులో పనిచేయడానికి ఆ నిర్ణయం తోడ్పడింది. అయినా దాని ఖరీదు కట్టినవాడు ఫోను కొన్నవాడే. ఆ నిర్ణయం పొరపాటని నా నమ్మకం. ఇంట్లో పరిచిన తాండూరు బండ ఒకటి పగిలితే మేస్త్రీని పిలిచి, ఆ ఒక్కటి లేపి ఇంకొకటి వేయించుకుంటాం. బండ అమ్మిన గని యజమాని అనుమతి అడగం. ఫోనులో అడుగు పరుపు లినక్స్‌దే అయినా, ఒక్క బండ లేపాలంటే కంపెనీ తాళం తీయాలి.

కొందరు తయారీదారులు ఆ తాళం, అంటే బూట్‌లోడర్ తాళం తీసుకునే అవకాశం ఇస్తారు. తీశాక ఏమవుతుందో సెల్ షాపుల్లో పనిచేసే తమ్ముళ్లకు బాగా తెలుసు. ఫోను నమ్మదగినదా అని గూగుల్ పెట్టిన ప్లే ఇంటిగ్రిటీ పరీక్షలో తప్పుతుంది. బ్యాంకు యాప్ తెరుచుకోదు, కొన్ని యూపీఐ యాప్‌లు మొరాయిస్తాయి. ఈ రోజుల్లో యూపీఐ లేని ఫోను బజారుకు పనికిరాదు. కాబట్టి ఆ స్వేచ్ఛ ఉన్నా వాడుకోలేనిదిగా మారింది. 2025 మే నుంచి ఆ పరీక్షలో అన్నిటికన్నా కఠినమైన మెట్టు ఎక్కాలంటే, ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లకు గత ఏడాదిలో భద్రతా అప్‌డేట్ వచ్చి ఉండాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే, ఏ తాళమూ తీయని ఫోను కూడా ఆ మెట్టు దగ్గర ఆగిపోతుంది.

అప్‌డేట్లు ఎందుకు ఆగుతాయి? దీంట్లో లినక్స్ పెద్దల నిర్ణయానికీ పాలు ఉంది. కెర్నెల్ లోపలి అతుకులను స్థిరంగా ఉంచబోమని వాళ్లు మొదటినుంచీ చెబుతున్నారు. వాళ్లలో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ వైఖరిని సమర్థిస్తూ రాసిన పత్రం కెర్నెల్‌తో పాటే వస్తుంది. మీ డ్రైవరును మా కోడులో చేర్చండి, మేం అతుకులు మార్చినప్పుడల్లా దాన్నీ మేమే మారుస్తాం అన్నది వాళ్ల మాట. కంప్యూటర్లకు ఇది వరమైంది. తయారీదారు మరచిపోయిన ప్రింటర్లు, ల్యాప్‌టాప్‌లు ఈ రోజుకీ లినక్స్‌లో నడుస్తున్నాయంటే ఆ పద్ధతి పుణ్యమే. ఫోను చిప్పుల కంపెనీలు మాత్రం తమ డ్రైవర్లను చేర్చకుండా విడిగా పెట్టుకున్నాయి. ప్రతి మోడలూ ఒక పాత కెర్నెల్‌కు అతుక్కుపోయింది. చిప్పు కంపెనీ చేతులెత్తేసిన రోజున ఫోను ముసలిదైపోతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ట్రెబుల్ అనే ఏర్పాటు, తర్వాత అన్ని ఫోన్లకూ ఒకే కెర్నెల్ అనే ఏర్పాటు తెచ్చి గూగుల్ దీన్ని కొంత చక్కదిద్దింది. ఖరీదైన ఫోన్లకు ఇప్పుడు ఏడేళ్ల అప్‌డేట్ల హామీలు వచ్చాయి. తక్కువ ధర ఫోను కొన్నవాడికి అంత హామీ దొరకడం అరుదు. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి, మోడలు అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని నియమం పెట్టింది. మన దేశంలో 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ వచ్చింది. సాఫ్ట్‌వేరు ఆయుష్షు గురించి అంత గట్టి నియమం ఇంకా రాలేదు.

ఫోను ముసలిదవడం నగరంలో ఒక అసౌకర్యం. ఇక్కడ కూలికీ పంటకూ ముడిపడిన విషయం. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే, రోజుకు రెండు ఫోటోలతో వేయాలన్నారు. 2025లో పత్తి అమ్ముకోవడానికి కాటన్ కార్పొరేషన్ కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు తీసుకోమంది. యాప్ ఎక్కని ఫోను ఉన్న రైతు ఎవరినో బతిమాలాలి. జియోఫోను గుర్తుందా? 2017లో 1,500 రూపాయల డిపాజిట్టుతో వచ్చింది. అదీ లినక్స్ మీద నడిచేదే. ఏడాది తర్వాత వాట్సాప్ వచ్చింది. బండల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కూలీలు ఊళ్లో ఉన్న పిల్లలతో దాంట్లోనే మాట్లాడుకున్నారు. 2024 జూన్‌లో అలాంటి ఫోన్ల యాప్ స్టోరు నుంచి వాట్సాప్ తీసేశారు, 2025 తొలినాళ్లకు పాతవాళ్లకూ ఆగింది. ఫోను బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, ఎక్కడో ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కైన భాగానికి వస్తాను. ఇక్కడ నాకు కంపెనీల మీద కోపం మాత్రమే లేదు.

పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ పేర్లతో వాట్సాప్‌లో నేరుగా యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి, ఎందుకంటే ముందు వాళ్ల ఫోను దొంగల చేతికి పోయింది. నొక్కితే మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది, ఓటీపీలు పోతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఎన్ని హెచ్చరికలు చేసిందో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. కందులు అమ్మిన డబ్బు అలా పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి స్వేచ్ఛ గురించి మాట్లాడలేం. కాబట్టి అడ్డంకులు ఉండాలి. బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ప్రమాదకరమైన అనుమతులు సులువుగా దొరక్కుండా 2022లో ఆండ్రాయిడ్ 13 తెచ్చిన కట్టడి మంచిదే. హెచ్చరిక తెలుగులో, ఉర్దూలో, అర్థమయ్యే మాటల్లో రావాలి. యాప్ ఎక్కించే ముందు ఒక రోజు ఆగమన్నా నాకు అభ్యంతరం లేదు.

2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది మాత్రం వేరే తరహాది. ప్లే స్టోరు బయట ఇచ్చే యాప్ అయినా సరే, రాసినవాడు గూగుల్ దగ్గర తన గుర్తింపు నమోదు చేసుకోవాలి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. 2010 నుంచి స్వేచ్ఛా యాప్‌లు పంచుతున్న ఎఫ్-డ్రాయిడ్, ఇది అమలైతే తమ పని సాగదని చెప్పింది. విమర్శ పెరిగాక నవంబరులో, తెలిసినవాళ్లు హెచ్చరికలు దాటి ఎక్కించుకునే దారి ఒకటి ఉంచుతామని, విద్యార్థులకు వేరే ఖాతా ఇస్తామని గూగుల్ కొంత తగ్గింది. తగ్గినందుకు సంతోషం. అయినా తలుపు దగ్గర కూర్చున్నది ఆ ఒక్క కంపెనీయే. పైగా కిరాయికి బ్యాంకు ఖాతాలు సంపాదించే దొంగలకు కిరాయికి డెవలపరు ఖాతా దొరకడం ఎంతసేపు? ఇబ్బంది పడేది ఇక్కడి డిగ్రీ పిల్లాడు. బండల కొలతలు వేస్తే చదరపు అడుగులు, లారీ బరువు చెప్పే చిన్న యాప్ రాసి తెలిసిన పదిమంది వ్యాపారులకు పంపాలనుకుంటాడు. ప్లే స్టోరులో పెట్టాలంటే 25 డాలర్లు కట్టి, కొత్త వ్యక్తిగత ఖాతా అయితే పన్నెండుమందితో పద్నాలుగు రోజులు పరీక్షింపజేయాలి. ఆ పని పెద్ద కంపెనీకి లెక్క కాదు, ఆ పిల్లాడికి అడ్డుగోడ.

మన న్యాయవ్యవస్థ ఈ విషయాన్ని చూడలేదని కాదు. తాండూరులో సీసీఐ అంటే సిమెంటు కర్మాగారం, పత్తి రైతుకు కొనుగోలు కేంద్రం. నేను చెప్పేది మూడో సీసీఐ, కాంపిటీషన్ కమిషన్. 2022 అక్టోబరు 20న అది ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మొత్తం యాప్‌ల మూటను ఫోనులో ముందే పెట్టాలని, మార్చిన ఆండ్రాయిడ్‌తో ఫోన్లు చేయకూడదని తయారీదారులను కట్టేయడం తప్పని తేల్చింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపింది. కాని నాలుగు ఆదేశాలను కొట్టేసింది. అందులో మనలాంటి వాడుకరికి నేరుగా తగిలేవి ఉన్నాయి: ముందే పెట్టిన యాప్‌లను తీసేసుకోనివ్వడం, బయటి నుంచి యాప్‌లు ఎక్కించుకోవడానికి అడ్డు చెప్పకపోవడం. కంపెనీల మధ్య తగాదా కొంత తీరింది. వాడుకరి వాటా దగ్గరే ఆ తీర్పు సన్నగిల్లింది.

ఇంతసేపూ మూసిన వ్యవస్థల గురించి చెప్పి, లినక్స్‌ను వెనకేసుకొచ్చి వెళ్లిపోతే నేను న్యాయం చేసినట్టు కాదు. లినక్స్ కంప్యూటరులో తెలుగు ఫాంటు ఎక్కించడం సులువన్నాను. కాని కంప్యూటరు మొత్తం తెలుగును ఆ ఫాంటులోనే చూపించాలంటే? సెట్టింగుల్లో ఆ ప్రశ్నే ఉండదు. ఏ భాషకు ఏ ఫాంటు అన్నది ఫాంట్‌కాన్ఫిగ్ అనే భాగం నిర్ణయిస్తుంది. దాని మనసు మార్చాలంటే ఒక దాచిన ఫోల్డరులో ఎక్స్‌ఎంఎల్ భాషలో చిన్న ఫైలు రాయాలి. హక్కు పూర్తిగా ఉంది, దారి మాత్రం ప్రోగ్రామరుకే కనబడుతుంది. లెక్కల మాస్టారు ఆ ఫైలు రాస్తారా? లినక్స్ రూపకర్తలు ఇది ఎవరో ఒకరు చేసుకుంటారులే అని ఇరవై ఏళ్లకు పైగా వదిలేశారు. నాకు ఇది ఆండ్రాయిడ్ తాళం కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. అక్కడ ఇవ్వనన్నది ఒక వ్యాపార సంస్థ. ఇక్కడ ఇచ్చినవాళ్లే అందేట్టు ఇవ్వలేదు.

తెర మీద విండోలను చూపించే వ్యవస్థ విషయమూ ఇలాంటిదే. 1987 నాటి ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా ఇంకో ప్రోగ్రాములో కొడుతున్న అక్షరాలను తొంగిచూడగలిగేది. దాని బదులు వచ్చిన వేలాండ్ ఆ లోపాన్ని మూసింది, అది సరైన పనే. కాని తెలుగు టైపు చేసే సాధనాలు, తెర మీది కీబోర్డులు, చూపులేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాములు అన్నీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. లినక్స్ తెర రూపాన్ని చేసే బృందాల్లో గ్నోమ్ ఒక పద్ధతి పట్టింది, కేడీఈ ఇంకొకటి. లినక్స్ కూర్పుల్లో ఒకటైన ఉబుంటు 25.10లో, 2025 అక్టోబరులో, గ్నోమ్‌కు పాత ఎక్స్11 దారి తీసేశారు. అంతకుముందు ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్‌ను మామూలు ఆజ్ఞతో అడిగినా స్నాప్ అనే తన సొంత పొట్లం రూపంలోదే వచ్చి కూర్చుంది. అడిగినవాడి మాట కాదని వేరేది ఇవ్వడం ఏ వ్యవస్థ చేసినా తప్పే.

మూసిన వ్యవస్థలతో తేడా ఎక్కడుందంటే, స్నాప్ వద్దనుకున్న లినక్స్ మింట్ వాళ్లు అదే ఉబుంటును తీసుకుని, స్నాప్ లేకుండా ఇస్తున్నారు. సిస్టమ్‌డీ అనే భాగం నచ్చనివాళ్లు డెబియన్ అనే కూర్పు నుంచి డేవ్వాన్ చేసుకున్నారు. విసుగు పుట్టినవాడికి వెళ్లడానికి చోటు ఉంది, తన పత్రాలన్నీ వెంట తీసుకుని వెళ్లవచ్చు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగింది. మన బడుల్లో, కళాశాలల్లో మూలనపడుతున్న కంప్యూటర్లలో చాలావాటికి లినక్స్‌తో ఇంకా ఆయుష్షు ఉంది. కేరళ ప్రభుత్వ బడులు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి, మలయాళంలో. తెలుగులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు అనువాదాల భారం మోశారు. వాళ్లకు తోడుగా కావలసినంతమంది మనం లేం.

జిల్లా అధికారులు ఎవరైనా ఇక్కడ ఉంటే ఒక్క మనవి. రైతుకో కూలికో తప్పనిసరి చేసే ఏ యాప్‌కైనా, అదే పని చేసే వెబ్ పేజీ ఒకటి తెలుగులో, ఉర్దూలో ఉండాలి. పాత ఫోనులోని బ్రౌజరులోనూ అది తెరుచుకోవాలి. ప్రజల డబ్బుతో రాసిన కోడును ప్రజలకు చూపించాలి.

విద్యార్థులకు నేను అప్పగించాలనుకుంటున్న పని చిన్నది. ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలును ఎవరూ చేత్తో రాయనక్కరలేకుండా, ఉన్న తెలుగు, ఉర్దూ, కన్నడ ఫాంట్లన్నీ నమూనా వాక్యంతో చూపించి, ఒక నొక్కుతో మార్చే విండో ఒకటి రాయండి. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపోతుంది. స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసి, గ్నోమ్, కేడీఈ వాళ్లకు పంపండి. పంపాక వాళ్లు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాయండి, అసలు కష్టం అక్కడే ఉంటుంది. ఈ ఉపన్యాసానికి నాకు ఇవ్వదలచిన పారితోషికాన్ని ఆ ప్రాజెక్టుకు పెట్టమని నిర్వాహకులను కోరాను. వాళ్లు ఒప్పుకున్నారు. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి.